ఎడమ వైపు పోల్

బాస్కెట్‌బాల్ విషయంలో నాతో వాదనకి దిగి నెగ్గినవాళ్లు మా కాలేజీలో లేరు. ఆటల మాస్టారు, అంటే అందరూ పీడీ సారు అని పిలిచే ఆయన, చివరికి "ఇగ మీరే నేర్పుండ్రి సిస్టరమ్మా" అని విజిల్ నా చేతిలో పెట్టబోయేవాడు. నేను ఆ కాలేజీలో ఫస్ట్ ఎయిడ్ గది చూసుకునే నర్సుని. గుంటూరులో నర్సింగ్ చదివేటప్పుడు రెండేళ్లు హాస్టల్ టీముకి ఆడాను. పొట్టిదాన్నే గానీ, మనిషి ఎటు తిరగబోతున్నాడో భుజం చూసి చెప్పేయగలననే గర్వం ఉండేది. ఆ గర్వం నాచేత ఏం చేయించిందో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

తొంభైల చివరి మాట. మా కాలేజీ కొత్తగూడ దాటాక, ఇళ్లంతేసి బండరాళ్ల మధ్య ఉండేది. మియాపూర్‌లోని మా అద్దె ఇంటి నుంచి రెండు బస్సులు మారి వచ్చేదాన్ని. వచ్చిన ప్రతిసారీ దారిలో ఒక గుట్ట తక్కువగా కనిపించేది. అవతల హైటెక్ సిటీ లేస్తోంది, దానికి రోడ్లు కావాలి, రోడ్లకి ఈ గుట్టలు అడ్డం. రోజూ సాయంత్రం ఐదింటికి బండలు పేల్చేవారు. ముందుగా ఒకాయన ఎర్రజెండా పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడి, మూడుసార్లు పొడుగ్గా విజిల్ ఊదేవాడు. బస్సులూ సైకిళ్లూ గేదెలూ అన్నీ ఆగిపోయేవి. కోర్టులో మా పిల్లలు బంతి చంకన పెట్టుకుని నిలబడిపోయేవారు. అప్పుడు నేల కింద నుంచి దెబ్బ వచ్చేది. నా గదిలో టించరు సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. గోడల్లో సన్నటి బీటలుండేవి, అవి ఎంతవరకు వచ్చాయో పెన్సిల్‌తో గీత పెట్టుకునేదాన్ని. నెల తిరిగేసరికి బీట గీత దాటిపోయేది.

నా గది కిటికీ సరిగ్గా కోర్టుకి ఎదురుగా ఉండేది. సిమెంటు కోర్టు, రెండు చివర్లా ఇనుప పోల్స్, వాటికి చెక్క బోర్డులు. కిటికీలో నిలబడి మందుల బీరువా సర్దుతున్నట్టు నటిస్తూ ఆట చూడటమే నా సగం ఉద్యోగం.

ఆ ఏడాది టీము గురించి ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఐదుగురిలో ఇద్దరే ఆటగాళ్లు. బంతిని ముందుకి తెచ్చే కెప్టెన్ చేతులు మంచివే గానీ, కళ్లెప్పుడూ అమ్మాయిలు కూర్చునే మెట్ల మీదే. ఇవ్వాల్సినప్పుడు బంతి ఇవ్వడు, ఇవ్వకూడనప్పుడు ఇస్తాడు. ఇంకో అబ్బాయి పెళ్లి భోజనం చేసి వచ్చినట్టు పరిగెత్తేవాడు. మరో అబ్బాయికి ఎదుటివాడి చెయ్యి మీద కొట్టడం తప్ప ఇంకో ఆట తెలియదు, సగం మ్యాచ్ అయ్యేసరికి ఫౌళ్లు పూర్తి చేసుకుని వచ్చి కూర్చునేవాడు. బెంచి మీద ఉన్నవాళ్ల గురించి మాట్లాడకపోవడమే మర్యాద. బాలానగర్ నుంచి వచ్చే ఎడమచేతి అబ్బాయి మాత్రం అసలైన ఆటగాడు. తండ్రిది లేత్ మిషన్ పని. ఆ నిక్కచ్చితనం కొడుకు చేతికి వచ్చింది. దూరం నుంచి వేస్తే బంతి రింగుకి తగలకుండా దిగేది. కాకపోతే ఒక్కటి తప్పితే ఆ పూటకి ముఖం వేలాడేసేవాడు.

ఇక రెండో ఆటగాడు మా పొడుగబ్బాయి. కొత్తగూడ బస్తీ పిల్లవాడే, ఎర్రజెండా పట్టుకునే ఆయన కొడుకు. ఆరడుగుల మీద ఇంకో జానెడు ఉంటాడేమో. పొడుగువాళ్లు చాలామంది తమ పొడుగు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడతారు. ఈ అబ్బాయి అలా కాదు. బోర్డు కింద ముగ్గురు మీదపడినా కంగారుపడడు, బంతిని నెమ్మదిగా, చూడకుండానే, ఎడమచేతి అబ్బాయికి అందించేవాడు. నేను పుట్టి బుద్ధెరిగాక అంత మెత్తటి చేతులు చూడలేదు. మా కాలేజీ ఎప్పుడూ సెమీఫైనల్ దాటలేదు. ఈసారి దాటుతుందని, దాటితే ఈ అబ్బాయి వల్లేనని సీజన్ మొదట్లోనే పీడీ సారుతో పందెం కాశాను.

ఒకసారి వేలికి ప్లాస్టర్ వేయించుకుంటూ ఆ అబ్బాయే చెప్పాడు. బాలానగర్‌లో ఒక పెద్ద ఫ్యాక్టరీ స్పోర్ట్స్ కోటాలో ఒకరిని తీసుకుంటుందట. వాళ్ల ఆఫీసర్లు ఫైనల్ చూడటానికి వస్తారట.

"రాళ్లు అయిపోతున్నయి సిస్టర్. ఇగ రెండేండ్లు. రాళ్లు అయిపోతే మా నాయన పని గూడ అయిపోతది. నాకు ఆ నౌకరీ రావాలె."

"వస్తుంది లేరా. ముందు ఫైనల్‌కి రానీ" అన్నాను. నాకు ఉద్యోగం కంటే ఫైనలే ముఖ్యమని ఆ జవాబు ఇప్పుడు గుర్తొస్తే తెలుస్తుంది.

పోల్ సంగతి క్వార్టర్ ఫైనల్లో మొదలైంది. మా కోర్టులోనే ఆట. రెండో సగంలో ఆరు పాయింట్లు వెనకబడ్డాం. పొడుగబ్బాయి వెనక్కి పరిగెత్తి వచ్చి, నా కిటికీకి ఎడమ వైపున్న పోల్ దగ్గర ఆగి, దాన్ని చేత్తో పట్టుకుని, కళ్లు మూసుకుని, రెండు క్షణాలు తల ఆనించాడు. మరుక్షణం ఎదుటివాళ్ల చేతిలోంచి బంతి జారింది, అవతల రెండు పాయింట్లు మావయ్యాయి. ఇంకాసేపటికి మళ్లీ పట్టుకున్నాడు. మళ్లీ బాస్కెట్ పడింది. నేను ఊరుకోవచ్చుగా? గది లోంచి బయటికొచ్చి, కోర్టు పక్కన నిలబడి, "ఒరేయ్ ఎడమచెయ్యీ, నువ్వూ పోల్ పట్టుకోరా, పడుతుంది" అని అరిచాను. పట్టుకున్నాడు. వేశాడు. పడింది. నాలుగు పాయింట్ల తేడాతో నెగ్గాం.

ఆ సాయంత్రం కాలేజీ అంతా అదే మాట. మర్నాటి నుంచి టీములో ప్రతివాడూ వెనక్కి వస్తూ పోల్ తాకడమే. క్యాంటీన్ ఆయన పోల్‌కి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాడు. ఎవరో నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. పరీక్షలకి వెళ్లే ఆడపిల్లలు కూడా తాకి వెళ్లేవారు. ఆదివారం చర్చి మానని దాన్ని, ఇలాంటివి నమ్మకూడదని మా పిల్లలకి చెప్పేదాన్ని, నేనూ గదికి వెళ్తూ ఒకసారి అటు తిరిగి తాకేదాన్ని. "ఈ పోల్ కనిపెట్టింది మన సిస్టరమ్మనే" అని పీడీ సారు వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతుంటే సంబరపడిపోయాను.

ఇంకో పని కూడా చేశాను. బ్యాండేజీల అట్టపెట్టె వెనక, పొడుగబ్బాయి మ్యాచ్‌కి ఎన్నిసార్లు పోల్ పట్టుకున్నాడో గీతలు పెట్టుకున్నాను. క్వార్టర్ ఫైనల్లో తొమ్మిది. తర్వాత ప్రాక్టీస్ మ్యాచ్‌లో పన్నెండు. సెమీఫైనల్ కూడా మా కోర్టులోనే, అందులో పదిహేడు. మిగతావాళ్లు చేత్తో అలా తాకి పోయేవారు, ఇతను మాత్రం పట్టుకుని నిలబడేవాడు. అబ్బాయికి భక్తి పెరుగుతోందని మురిసిపోయాను. నర్సుని, నా చేత్తో నేనే ఒక రోగి చార్టు రాస్తున్నానని నాకు తట్టలేదు.

తట్టాల్సినవి ఇంకా చాలా జరిగాయి. సాయంత్రం ఆ అబ్బాయి మేజోళ్లు విప్పితే కాళ్ల మీద వాటి అచ్చు లోతుగా పడేది. "కొత్త మేజోళ్లు, బిగుతుగున్నయి" అనేవాడు. బస్సులో దూరం మ్యాచ్‌లకి వెళ్లేటప్పుడు అందరూ ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతే, ఇతను నిటారుగా కూర్చుని నిద్రపోయేవాడు. హాస్టల్ గదిలో ఒకసారి ఉండిపోయినప్పుడు కూడా గోడకి ఆనుకుని కూర్చునే పడుకున్నాడని ఎడమచేతి అబ్బాయి చెప్పి, "పొడుగు మంచం దొరకలేదేమో సిస్టర్" అని ఎగతాళి చేశాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. వేరే ఎవరైనా నా గదికి వచ్చి ఈ మూడూ చెప్పి ఉంటే, మాట పూర్తవకుండానే దవాఖానకి పంపేదాన్ని.

ఒకరోజు పొద్దున్న ఆరున్నరకి ప్రాక్టీస్ అవుతుంటే నీళ్ల బిందె పెట్టించడానికి కోర్టులోకి వెళ్లాను. పొడుగబ్బాయి పోల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, ఏదో తమాషా చెబుతున్నట్టు, "పట్టుకుంటే ఇది కొట్టుకుంటది సిస్టర్. లోపల ఎవరో ఉన్నట్టు" అన్నాడు.

"బ్లాస్టింగ్ అదురు లేరా" అన్నాను.

"అట్లనే ఉంటది" అని పరిగెత్తిపోయాడు.

నేనూ పోల్ మీద చెయ్యి వేశాను. చల్లటి ఇనుము, ఏ కదలికా లేదు. పేల్చేది సాయంత్రం ఐదింటికి. పొద్దున్న ఆరున్నరకి ఆ చుట్టుపక్కల ఎవరూ ఒక్క రాయి కూడా కదపరు. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. తెలిసీ బిందె మూత సరిచేసి గదికి వెళ్లిపోయాను.

సెమీఫైనల్ నెగ్గాం. కాలేజీ పుట్టాక మొదటిసారి. ఫైనల్‌కి ప్రతి ఆటగాడికీ ఫిట్‌నెస్ ఫారం కావాలి. డాక్టరుగారు వారానికొకసారి వచ్చి, నేను రాసిపెట్టిన కాగితాల మీద వరసగా సంతకాలు పెట్టి, టీ తాగి వెళ్లేవారు. అసలు సంగతి చెప్పేస్తాను. మా గదిలో ఆటగాళ్లందరి నాడీ నిమిషానికి డెబ్బై రెండే. ఆడే కుర్రాళ్లకి ఏం రోగం ఉంటుందని, మణికట్టు మీద వేళ్లు పెట్టినట్టు పెట్టి, కబుర్లు చెబుతూ డెబ్బై రెండు రాసేసేదాన్ని. నాకు ముందున్న సిస్టరు అలాగే రాసింది, నేనూ అలాగే రాశాను. ఆ రోజు పదకొండు ఫారాలు పది నిమిషాల్లో అయిపోయాయి.

పన్నెండోది పొడుగబ్బాయిది. ఇతని నాడి మాత్రం నిజంగా చూశాను. అభిమానం కొద్దీ చూశాను, గొప్ప ఆటగాళ్ల గుండె నెమ్మదిగా కొట్టుకుంటుందంటారు కదా, ఎంత నెమ్మదో తెలుసుకుందామని. గడియారం ముందు పెట్టుకుని లెక్క మొదలుపెట్టాను. మూడు దెబ్బలు సరిగ్గా వచ్చాయి. నాలుగోది రాలేదు. తర్వాత నాలుగైదు ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ వచ్చాయి, మళ్లీ ఖాళీ.

సరిగ్గా అప్పుడే బయట విజిల్ మోగింది, పొడుగ్గా మూడుసార్లు.

"మా నాయన" అన్నాడు నవ్వుతూ.

ఇద్దరం కదలకుండా కూర్చున్నాం. నేల అదిరింది. టించరు సీసాలు గలగలలాడాయి. ధూళి రాకుండా కిటికీ మూయడానికి లేచి, అతని చెయ్యి వదిలేశాను. కిటికీ మూసి తిరిగి వచ్చి మళ్లీ పట్టుకోవచ్చు. నిమిషం పని. పట్టుకోలేదు. "ఏమన్నా ఆయాసంగా ఉంటోందా?" అని మాత్రం అడిగాను, అదీ ఫారం వైపు చూస్తూ.

"లేదు సిస్టర్. ఫైనల్ అయినంక దవాఖానకు పోతలే."

దవాఖాన మాట నేను ఎత్తనేలేదు. అంటే అతనికి తెలుసు. అతనికి తెలుసని నాకూ తెలిసింది. అతనికి ఉద్యోగం కావాలి, నాకు ఫైనల్ కావాలి. డెబ్బై రెండు అని రాశాను. నా దస్తూరీ గుండ్రంగా, చూడముచ్చటగా ఉంటుందని అందరూ అంటారు. ఆ అంకె కూడా అలాగే వచ్చింది.

ఆ వారమంతా నాకు మనసు బాగాలేదు. ఇంట్లో అన్నం మాడిపోయింది, బస్సులో నా స్టాప్ దాటిపోయి వెనక్కి నడిచాను. అయినా కిటికీలో నిలబడితే అన్నీ మర్చిపోయేదాన్ని. ఒక్క ఆట, తర్వాత నేనే దగ్గరుండి తీసుకెళ్తాను అనుకున్నాను. ప్రార్థన కూడా చేశాను. ఆ ప్రార్థనలో ముందు గెలుపు అడిగాను, ఆ తర్వాతే అతని ఆరోగ్యం.

ఫైనల్ సిటీలో ఒక పెద్ద కాలేజీలో జరిగింది. లోపలి హాలు, చెక్క నేల, చుట్టూ గ్యాలరీ. బస్సు దిగి హాల్లోకి అడుగుపెట్టగానే మా వాళ్లంతా ఒక్కసారి ఆగిపోయారు. బోర్డులు గోడ లోంచి వచ్చిన ఇనుప చేతులకి బిగించి ఉన్నాయి. కింద ఏమీ లేదు.

"పోల్ లేదు" అన్నాడు ఎడమచేతి అబ్బాయి. అప్పుడే అతని ముఖం వేలాడింది.

పీడీ సారు టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఇప్పుడెట్ల సిస్టరమ్మా? పిల్లలు పరేషాన్ అయితున్నరు."

పొడుగబ్బాయి మాత్రం బోర్డు కింది ఖాళీ చోటు వైపు చూస్తున్నాడు. మిగతావాళ్ల ముఖాల్లో ఉన్నది దిగులు. అతని ముఖంలో ఉన్నది భయం. ఆ తేడా నాకు కనిపించింది, అయినా ఉపాయం చెప్పడంలో నేనే ముందుండాలి కదా.

"నేల తాకండి" అన్నాను. "బోర్డు కింద వంగి రెండు చేతులూ నేలకి ఆనించండి. మన పోల్ కూడా నేల లోంచి వచ్చిందే కదా."

అందరూ తేలిగ్గా నవ్వారు. కెప్టెన్ వెంటనే వెళ్లి వంగి తాకి చూపించాడు. గ్యాలరీలో ఉన్న మా కాలేజీ పిల్లలకి కూడా కబురు వెళ్లింది.

ఆ రోజు మావాళ్లు ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు. ఫౌళ్లవాడు కూడా చేతులు దగ్గర పెట్టుకుని ఆడాడు. మొదటి సగంలో పొడుగబ్బాయి ఆరుసార్లు నేల తాకాడు, ప్రతిసారీ లేవడానికి కాస్త ఎక్కువసేపు పట్టింది. ముందు వరసలో ఫ్యాక్టరీ ఆఫీసర్లు ఇద్దరు కూర్చుని ఏదో రాసుకుంటున్నారు. విరామంలో అతని పెదవుల రంగు చూశాను. నేరేడుపళ్లు తిన్నట్టున్నాయి. హాల్లో లైట్లు అలాంటివి అనుకున్నాను.

రెండో సగం చివర్లో ఒక పాయింటు వెనక ఉన్నాం. పొడుగబ్బాయి అవతల బోర్డు కింద ఇద్దరి మీద నుంచి బంతి అందుకుని, అక్కడే గాల్లోనే వేశాడు. పడింది. ఒక పాయింటు ఆధిక్యం. హాలు దద్దరిల్లింది. అతను మెల్లగా వెనక్కి పరిగెత్తుతూ వచ్చాడు. మా బోర్డు కిందకి వచ్చి, ఎడమ చెయ్యి పక్కకి చాపాడు, మా కోర్టులో పోల్ ఉండే చోటికి. చేతికి ఏమీ తగల్లేదు. మోకాళ్ల మీదకి దిగాడు. రెండు చేతులూ నేలకి ఆనించాడు. తర్వాత నుదురు ఆనించాడు.

ఎడమచేతి అబ్బాయి పరిగెత్తుకొచ్చి, పక్కనే వంగి నేల తాకాడు. కెప్టెన్ తాకాడు. మిగతా ఇద్దరూ తాకారు. బెంచి మీదివాళ్లు లేచి, ఉన్నచోటే వంగి తాకారు. గ్యాలరీలో మా పిల్లలు కాళ్లతో బెంచీలు వాయించారు. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. చేతులు మండేదాకా కొట్టాను. నలుగురు లేచారు. ఐదోవాడు లేవలేదు. అయినా ఇంకా కొడుతూనే ఉన్నాను.

రిఫరీ విజిల్ ఊదాక పరిగెత్తాను. మణికట్టు మీద వేళ్లు పెట్టాను. ఈసారి బాగా, జాగ్రత్తగా, పూర్తి నిమిషం పెట్టాను. దారం లాంటిదేదో కదులుతోంది, తెగుతోంది, మళ్లీ కదులుతోంది. ఫ్యాక్టరీ వాళ్ల కారులోనే పెద్ద దవాఖానకి తీసుకెళ్లారు. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి గుండె కవాటం పాడైందని, ఆరు నెలల ముందు తెచ్చి ఉంటే ఆపరేషన్ చేసేవాళ్లమని డాక్టర్లు చెప్పారు. పీడీ సారు ఫైలులోంచి ఫిట్‌నెస్ ఫారం తీసి ఇస్తే, ఒక డాక్టరు చదివి, "ఈ నాడి ఎవరు చూశారు?" అని అడిగాడు. "నేనే" అన్నాను. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కాగితం మడిచి నా చేతికి ఇచ్చాడు. మూడో రోజు పొద్దున్న అబ్బాయి పోయాడు.

ఉద్యోగం మానేస్తానని ఉత్తరం రాసిచ్చాక, కొత్తగూడలో వాళ్లింటికి వెళ్లాను. ఫారం బ్యాగులో పెట్టుకుని వెళ్లాను. చూపించి, నేను చేసింది చెప్పి, ఆ తండ్రి ఏమన్నా పడదామనే వెళ్లాను. రెండు గదుల ఇల్లు. ఎర్రజెండా చుట్టి మూలకి నిలబెట్టి ఉంది. తండ్రి నాకు పీట వేసి, తను గడప దగ్గర కూర్చున్నాడు. ఆయన తల పైన, నీలం రంగు దర్వాజా మీద, నేను చెయ్యెత్తినా అందనంత ఎత్తులో, అరచెయ్యంత నల్లటి మచ్చ ఉంది. జిడ్డుతో రంగు పోయి చెక్క కనిపిస్తోంది.

నా చూపు చూసి ఆయన కూడా తల తిప్పి చూశాడు.

"గక్కడ పట్టుకొని నిలవడుతుండె సిస్టరమ్మా. బయటికెల్లి వచ్చినా, నీళ్లు మోసినా, కండ్లు మూసుకొని జరసేపు పట్టుకుంటుండె. ఏందిరా, పాణం బాగలేదా అని వాళ్లమ్మ ఒకపారి అడిగింది. కాదమ్మా, కాలేజీల గుంజ పట్టుకుంటం, అట్లయితెనే గెలుస్తం, అలవాటు అయింది అన్నడు. గప్పటిసంది మేం గూడ ఏమనకపోతిమి. వాని చెల్లె గూడ వాన్ని చూసి పట్టుకుంటుండె." నా వైపు తిరిగి అడిగాడు. "అందరు పట్టుకుంటరట గద?"

"అందరూ పట్టుకునేవారు" అన్నాను.

అది ఎవరు మొదలుపెట్టారో ఆయన అడగలేదు. బ్యాగు జిప్పు సగం తీసి ఉంది. లోపల ఫారం అంచు కనిపిస్తోంది. లోపలి నుంచి ఆ చిన్నపిల్ల నాకు మంచినీళ్లు తెచ్చింది. తెస్తూ గడప దగ్గర ఆగి, గ్లాసు ఎడమ చేతిలోకి మార్చుకుని, మునివేళ్ల మీద లేచి, అన్న మచ్చ అందక దాని కింద దర్వాజా తాకి, అప్పుడు నా దగ్గరికి వచ్చింది. నేను జిప్పు వేసేసి, గ్లాసు అందుకుని నీళ్లు తాగాను.